జెపర్డైజ్ శబ్దము: తెలుగున దానికి సమానార్థకముల విచారము

ఆపదకు లోనుచేయుట అను అర్థమున ఆంగ్లభాషయందు నాలుగైదు క్రియలు కలవు. ఎండేంజర్, ఇంపెరిల్, జెపర్డైజ్, హజార్డ్, రిస్క్ అనునవి వానిలో ముఖ్యములు. తెలుగున వీని నన్నిటిని సాధారణముగా 'ప్రమాదములో పడవేయు', 'అపాయము కలిగించు' అను రెండు పలుకుబడులతో సరిపెట్టుచున్నాము. తరగతిలో ఒక వాక్యమునకు తాత్పర్యము చెప్పుటకు ఇది చాలును. శాసనమును, న్యాయనిర్ణయమును, విజ్ఞానగ్రంథమును అనువదించువానికి మాత్రము చాలదు. జెపర్డైజ్ అను శబ్దము నాధారముగా గొని, దాని పుట్టుక యెట్టిది, అర్థమునందలి అంశములెవ్వి, తెలుగున దాని కెదురుగా నిలువదగిన మాటలెవ్వి, ఏ మాట ఏ తావున చెల్లును అను విషయములను ఈ వ్యాసమున విచారింతుము. మా ప్రతిపాదన యిది: ఆపదకు లోనుచేసినవాడు వాక్యమున నిలుచుటయు జారిపోవుటయు మనమెన్నుకొను మాటపై నాధారపడియున్నవి. నేటి వ్రాతతెలుగున మిక్కిలి ప్రచారమందున్న ప్రమాదశబ్దము అతనిని జారవిడుచుచున్నది.

జెపర్డీ అను నామము పూర్వఫ్రెంచిభాషయందలి 'జ్యు పార్తి' అను పదబంధము నుండి పుట్టినది. జ్యు అనగా ఆట; అది లాటినులోని 'యోకుస్' శబ్దమునుండి వచ్చినది. పార్తి అనగా పంచబడినది. కావున మొత్తమర్థము 'సమముగా పంచబడిన ఆట', అనగా గెలుపునకును ఓటమికిని సరిసమానమైన అవకాశమున్న ఆట. మధ్యయుగపు ఫ్రెంచి గేయకవులు ఈ పేరితోనే ఒక వాదకవితాప్రక్రియను నడపిరి. అందు ఒక కవి రెండు పక్షములను ముందుంచును. ఎదుటికవి తన కిష్టమైన పక్షమును గ్రహించును. మిగిలినదానిని మొదటివాడు సమర్థింపవలయును. చదరంగమునందును ఎటు నడపిన ఏమగునో తేలని చిక్కుస్థితికి ఈ పేరే చెల్లినది. పదునాల్గవ శతాబ్దిని ఛాసర్ మహాకవి 'ది బుక్ ఆఫ్ ది డచెస్' అను కావ్యమున ఈ శబ్దమును చదరంగపు సమస్యల విషయముననే ప్రయోగించెను. ఆటలోని ఎటూ తేలనితనము క్రమముగా జీవితములోని ఎటూ తేలనితనమునకు పేరైనది. అటనుండి ఆపద అను అర్థము స్థిరపడినది.

క్రియారూపములలో జెపర్డ్ అనునది ప్రాచీనము. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలు అనువాదమున, న్యాయాధిపతుల గ్రంథము ఐదవ అధ్యాయమున, కనబడు రూపమిదియే. జెపర్డైజ్ అను దీర్ఘరూపము పదునేడవ శతాబ్దినుండి కానవచ్చుచున్నది. అమెరికా నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ 1828నాటి తన నిఘంటువున దీనిని చేర్చుకొనియు, జెపర్డ్ ఉండగా దీనితో పనిలేదని అభిప్రాయపడెను. లోకము ఆయన మాట వినలేదు. నేడు జెపర్డ్ మూలబడినది, జెపర్డైజ్ నిలిచినది. నిఘంటుకర్త తీర్పునకు వాడుక కట్టుబడదనుటకు ఈ శబ్దచరిత్రమే సాక్ష్యము. ముందు ప్రమాదశబ్దమును గూర్చి తలపోయునప్పుడు ఈ సంగతి మనకు జ్ఞాపకముండవలయును.

తోడిశబ్దముల పుట్టుకలను పోల్చి చూచిన జెపర్డైజ్ యొక్క ప్రత్యేకత తేటపడును. డేంజర్ శబ్దమునకు మూలము లాటినులోని 'దోమినుస్', అనగా ప్రభువు. తొలుత అది ప్రభువు యొక్క అధికారమును తెలిపెడిది. ఒకని డేంజరులో నుండుట అనగా అతని చేతికి చిక్కియుండుట. పెరిల్ శబ్దమునకు మూలమగు 'పెరికులుమ్' తొలుత ప్రయత్నమును, పరీక్షను తెలిపినది. హజార్డ్ మొదట ఒక పాచికలాట పేరు. అరబ్బీభాషలో పాచికను తెలుపు శబ్దమే దానికి మూలమని పలువురి మతము. ఈ తీరున డేంజర్ పరాధీనతనుండియు, పెరిల్ పరీక్షనుండియు, జెపర్డీ, హజార్డ్ అను రెండును ఆటనుండియు పుట్టినవి. నేటి వాడుకలో ఈ భేదములు చాలవరకు మాసిపోయినను, జెపర్డైజ్ శబ్దమునకు ఆటలోని పందెపు వాసన ఇంకను విడువలేదు. ప్రాణములకేగాక ఉద్యోగమునకు, పేరుప్రతిష్ఠలకు, సంధిసంప్రదింపులకు సయితము అది చెల్లుటకు కారణమిదియే. పోగొట్టుకొనదగిన విలువగల వస్తువేదైనను పందెమున పెట్టదగినదే గదా.

ఈ విచారణవలన శబ్దార్థమున ఐదు అంశములు తేలుచున్నవి. ఒకటి, కర్త, రెండు, విలువగల ఒక వస్తువు, మూడు, ఆ వస్తువును నిశ్చితస్థితినుండి కదలించు కార్యము, నాలుగు, ఫలితమునందలి సందిగ్ధత, ఐదు, హాని యింకను జరుగకుండుట. చివరి అంశము మిక్కిలి ముఖ్యము. హాని జరిగిన వెనుక జెపర్డైజ్ అను మాటకు చోటులేదు. అప్పుడు నాశనము, నష్టము అను మాటలు రావలయును. 1791లో అంగీకృతమైన అమెరికా రాజ్యాంగపు ఐదవ సవరణలో ఒకే అపరాధమునకు ఒకని రెండుసార్లు జెపర్డీకి లోనుచేయరాదను నియమము కలదు. అచట జెపర్డీ అనగా శిక్ష కాదు. శిక్షయో విడుదలయో తేలక విచారణలో నిలిచియున్న స్థితి. మన రాజ్యాంగపు 20వ అధికరణము రెండవ ఖండము ఈ శబ్దమును వాడక, ఒకే అపరాధమునకు ఒకటికంటె నెక్కువసారులు అభియోగమును శిక్షయు నుండరాదని చెప్పినది. కావున మన నియమపు పరిధి సంకుచితము. 'డబుల్ జెపర్డీ' అను మాటను ప్రమాదశబ్దముతో తెనిగించినచో ఈ భేదమంతయు మరుగుపడి, రెండు రైళ్లు గుద్దుకొనినట్టి భావము కలుగును.

ఇక తెలుగువంకకు వత్తము. జెపర్డైజ్ వలెనే ఆటలో పుట్టి ఆపదకు సంక్రమించిన క్రియ మనకును కలదు. అది 'ఒడ్డు'. వల పన్నుట, చేయి చాచుట, ఎదురుగా నిలుపుట, పందెమున పెట్టుట అని దీనికి పలు అర్థములు. వీని యన్నిటియందును సామాన్యమైన అంశమొకటి కలదు: తనయొద్ద నున్నదానిని తన అధీనము దాటించి ముందునకు చాచి నిలుపుట. దీనితో కూడి వచ్చు పణశబ్దము సంస్కృతము. వ్యవహారార్థముగల ధాతువునుండి పుట్టి పణ్యము, ఆపణము అను వర్తకపు మాటలకు తోబుట్టువైనది. 'ప్రాణములను పణముగా నొడ్డి' అనునప్పుడు పైని చెప్పిన ఐదంశములును సమగ్రముగ నున్నవి. కర్త యున్నాడు, విలువగల వస్తువున్నది, కార్యమున్నది, గెలుపోటములు తేలలేదు, ప్రాణము ఇంకను పోలేదు.

ఒడ్డుటయందలి ధర్మసూక్ష్మమును తెలుగువారికి నేర్పిన ఘట్టము ఆంధ్రమహాభారతపు సభాపర్వమందలి ద్యూతము. పదునొకండవ శతాబ్దిని నన్నయభట్టు తెనిగించిన ఈ కథలో ధర్మరాజు ధనమును, రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డెను. పిలువవచ్చిన ప్రాతికామిని ద్రౌపది మరల పంపి అడిగించిన ప్రశ్న సర్వవిదితము. తన్ను ముందుగ నోడినవానికి భార్యను ఒడ్డు అధికారము కలదా అనునది దాని సారము. భీష్ముడంతవాడు దానిని తేల్చిచెప్పజాలక పోయెను. వికర్ణుడు మాత్రము ఆమె పక్షమున పలికెను. ఆ ప్రశ్న ఓటమిని గూర్చినది కాదు. ఒడ్డినవాని అర్హతను గూర్చినది. జెపర్డైజ్ శబ్దమును నేటి న్యాయశాస్త్రము వాడు తావులందెల్ల ఈ ప్రశ్నయే వేషము మార్చుకొని కనబడుచున్నది. బస్సు నడపువాడు అతివేగమున పోయి ఒడ్డునది తన ప్రాణమును మాత్రమే కాదు. ఒడ్డుటకు తనకు హక్కులేని నలువదిమంది ప్రాణములను.

అట్లయినను ఒడ్డు అను క్రియను అన్నిచోట్ల వాడుటకు వీలులేదు. దానికి రెండు హద్దులు కలవు. మొదటిది, ఒడ్డువానికి ఒడ్డుచున్నానను ఎరుక యుండవలయును. నిద్రమత్తులో లారీ నడపినవాడు బాటసారుల ప్రాణముల నొడ్డెనని మనమనము. రెండవది, నేటి తెలుగున ఈ మాటకు సాహసపు మెప్పు అంటియున్నది. వరదలో దుమికి బిడ్డను కాపాడినవాడు ప్రాణముల నొడ్డినవాడు. ఆంగ్లక్రియకు ఎరుక అవసరములేదు, మెప్పును లేదు. కావున తెలిసి చేసిన పనికి, అందును తనదగు వస్తువు విషయమున, ఒడ్డు అను మాట పూర్ణముగ సరిపోవును, తక్కినచోట్ల సరిపోదు.

పరుని వస్తువు విషయమున జానపదులు వాడు మాట వేఱొకటి కలదు. అది 'ఎసరు పెట్టు' అను పలుకుబడి. అన్నము వండుటకు ముందు కుండలో పొయ్యిమీద పెట్టు నీటిని ఎసరందుము. ఒకని ఉద్యోగమునకు ఎసరు పెట్టిరన్నచో ఉద్యోగము ఇంకను పోలేదు. పోవుటకు కావలసిన ఏర్పాటు మొదలైనది. బియ్యము ఇంకను పడలేదు, నీరు కాగుచున్నది. హాని జరుగకముందటి స్థితిని ఇంత స్పష్టముగ చూపు మాట ఆంగ్లమునందును అరుదు. ఎసరు పెట్టినవాడెవడో వాక్యము చెప్పును. చెప్పనిచో వినువాడు అడుగును. తన చేటును తానే కొనితెచ్చుకొనినచో 'ఎసరు పెట్టుకొనెను' అని ఆత్మార్థకమగు కొను ధాతువు చేరును. సంధిచర్చలను, ఉద్యోగమును, ప్రవేశావకాశమును జెపర్డైజ్ చేయుట అనుచోట్ల 'ప్రమాదములో పడవేయు' అనుటకంటె ఈ పలుకుబడి భావమునకు దగ్గరది. గ్రంథస్థము గాదని దీనిని త్రోసివేయుట తగదు. గంభీరరచనలో దీనికి తావులేనిచో 'సందిగ్ధమున పడవేయు' అనవచ్చును.

మాట యొక్క స్వభావము దానితో జతకట్టు క్రియలవలన తెలియును. ఆపద వచ్చును, ముంచుకొనివచ్చును. మీదపడుట అను ధాత్వర్థమునకు ఇది తగియున్నది; కర్త యవసరములేదు. గండము జ్యోతిషపరిభాషనుండి వచ్చినది, గడచును, తప్పును. అది కాలమునకు చెందినది. మనుష్యకర్త దానికి లేడు. ముప్పు వాటిల్లును, పొంచియుండును. ముసలితనమను అర్థముగూడ దీనికి కలదు. హాని చేయబడును, కర్త యున్నాడు గాని కీడు ముందే జరిగిపోయినది. ఇక అపాయము కలుగును, కలిగింపబడును. అపాయమునకు లోనగుదుము, ఇతరులను లోనుచేయుదుము. ఉపాయమునకు ఇది ప్రతిద్వంద్వి. ఒకే ధాతువు ఉప అను ఉపసర్గముతో దగ్గరకు చేరుటను, అప అను ఉపసర్గముతో తొలగిపోవుటను తెలుపుచున్నది. నేటి తెలుగున అపాయము జరిగెనని ఎవరును అనరు. ఇది మిక్కిలి గమనింపదగిన విషయము. అపాయము సంభావ్యముగనే యుండును, ఘటనగా మారదు.

ప్రమాదము మాత్రము జరుగును. రోడ్డు ప్రమాదము జరిగినది, రైలు ప్రమాదము జరిగినది అనుట నిత్యవ్యవహారము. అది ఘటన. ఐనను 'ప్రమాదము పొంచియున్నది', 'ప్రమాదపుటంచున నున్నాడు' అనునప్పుడు అదియే సంభావ్యత. ఆంగ్లమున యాక్సిడెంటు, డేంజరు అను రెండు భిన్నార్థములు తెలుగున ఒకే మాటలో మునిగినవి. ఈ మాటకు సంస్కృతమున ఈ రెండర్థములును ముఖ్యములు గావు. ప్రమాదమనగా ఏమరుపాటు, అమరకోశము దానిని అనవధానతగ చెప్పినది. మదధాతువునకు ప్ర అను ఉపసర్గము చేరగా ఈ రూపమేర్పడినది. మత్తుగొని మరచుట దాని మూలభావము. బౌద్ధవాఙ్మయమున అప్రమాదము ఒక ప్రధానగుణము. ధమ్మపదమున రెండవ వర్గమునకు ఆ పేరే యున్నది. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దికి చెందిన బేస్‌నగర్ గరుడస్తంభశాసనమున దమము, త్యాగము, అప్రమాదము అను మూడును స్వర్గప్రాప్తికి సాధనములుగ పేర్కొనబడినవి. హిందీలో నేటికిని ప్రమాదమనగా అజాగ్రత్త. హిందీ చదువు తెలుగువిద్యార్థి ఈ మాటవద్ద తడబడుట సహజము.

ఏమరుపాటు ఆపదగా నెట్లు మారినది? ఇది తర్కమునకు అందని మార్పు గాదు. ఏమరుపాటు కారణము, ఆపద కార్యము. కారణవాచకము కార్యమును తెలుపుట మన శాస్త్రకారులెరిగినదే. ఆయుష్షునకు కారణమగు నేతిని ఆయుష్షనుట వారి ప్రసిద్ధోదాహరణము. ఆ లక్షణ కాలక్రమమున రూఢియైనది. అంతవరకు ఆక్షేపింపదగినది లేదు. ఆక్షేపింపదగిన విషయము దాని వెనుక కలదు. 'ప్రమాదవశాత్తు' అను మాటను చూడుడు. సంస్కృతమున దీని అర్థము 'ఏమరుపాటువలన'. అనగా అది ఒకని తప్పును చూపు మాట. నేటి వార్తలలో దీని అర్థము 'ఎవరి తప్పును లేక, అనుకోకుండ'. పిల్లవాడు ప్రమాదవశాత్తు బావిలో పడెనని వ్రాయుదుము. ఆ బావికి కట్ట కట్టనివాని అజాగ్రత్త ఆ మాటలోనే దాగియున్నది. కాని ఆ మాటయే అతనికి విడుదలపత్రమైనది. నిందను తెలుపు శబ్దము నిందను మాపు శబ్దమగుట అర్థవిపరిణామశాస్త్రమున వింతగాకపోవచ్చును. లోకవ్యవహారమున మాత్రము చిన్నవిషయము గాదు.

ఈ కలగాపులగము తెలుగునకు అనివార్యమేమో యను సంశయము కలుగవచ్చును. పొరుగుభాషలతో పోల్చి చూడవలయును. దీనికి పాకాల తగిన స్థానము. 1911లో చిత్తూరు మండలమేర్పడునప్పుడు ఉత్తరార్కాటు, కడప మండలములనుండి తాలూకాలు వచ్చి చేరినవి. తమిళ, కన్నడ, తెలుగు పలుకుబడులు కలియు నేల యిది. ఇచటి రైలుకూడలినుండి దక్షిణమునకు పోవు దారి కాట్పాడి చేరును, అచట తమిళము. వాయవ్యమునకు పీలేరు, కదిరి మీదుగ పోవునది ధర్మవరము చేరును. అటనుండి కన్నడదేశము దూరముకాదు. ఈశాన్యమునకు పోవునది తిరుపతి, రేణిగుంటల మీదుగ గూడూరు చేరును. కాట్పాడి దాటిన యాత్రికుడు విద్యుత్‌స్తంభముపై 'అపాయం' అను తమిళరూపమును చూచును. రైళ్లు గుద్దుకొనిన వార్తలో మాత్రము 'విపత్తు' అని చదువును. కన్నడమున మొదటిది అపాయము, రెండవది అపఘాతము. హిందీలో మొదటిది ఖత్రా, రెండవది దుర్ఘటన. మలయాళము మాత్రము అపకటశబ్దమును రెంటికిని వాడుచు మన దారిని నడచుచున్నది. అపాయము, విపత్తు మనకును ఉన్న మాటలే. కావున లోపము పదసంపదలో లేదు, పంపిణీలో కలదు.

ఇంకొక సంగతి మరింత ఆశ్చర్యకరము. వ్రాతతెలుగు పోగొట్టుకొనిన భేదమును మాటాడు తెలుగు నిలుపుకొనినది. పాకాల స్టేషనులో బండికై వేచియున్నవారి మాటలలో యాక్సిడెంటు వేఱు, డేంజరు వేఱు, రిస్కు వేఱు. యాక్సిడెంటు అగును. రోగి స్థితి డేంజరుగ నుండును. రిస్కు తీసికొందురు. ఆ మూడింటిని ఎవరును తారుమారు చేయరు. ఘటనకు ఒక మాట, సంభావ్యతకు ఒక మాట, తెలిసి ఒడ్డుటకు ఒక మాట ఏర్పడియున్నవి. ఎరవుమాటలని మనము చిన్నచూపు చూచునవి ఏర్పరచిన ఈ వ్యవస్థ, మన ప్రామాణికరచనలోని ఏకశబ్దముకంటె నిశితమైనది. రైలుమార్గమే దీనికి కొంత గురువై యుండును. కొయ్యచేయివంటి పూర్వపు సిగ్నలు అడ్డముగ నిలిచినచో దానిని రైలుభాషలో డేంజరు స్థితి యందురు. అచట ఏ ఘటనయు జరుగలేదు. ముందునకు పోయినచో జరుగవచ్చును గాన నిలువుమను ఆజ్ఞ మాత్రమే యున్నది. డేంజర్ శబ్దమునందలి తొలినాటి ప్రభుత్వార్థము ఈ ఆజ్ఞలో మరల తొంగిచూచుచున్నదనిన తప్పుగాదు.

విద్యుత్‌స్తంభముల విషయమునను ఇదియే స్థితి. 1956నాటి భారతవిద్యుత్ నిబంధనలలో 35వది, పుఱ్ఱె, ఎముకల గుర్తుతో హెచ్చరికపలక నుంచవలయుననియు, అది హిందీలోగాని ఆంగ్లములోగాని, దానితోపాటు ఆ మండలపు భాషలోను ఉండవలయుననియు విధించినది. ఆ నిబంధనల స్థానమున తరువాత వేఱు నిబంధనలు వచ్చినను పలకలు నిలిచియున్నవి. మన పలకపై 'అపాయము' అని యున్నచో అర్థము నిర్దుష్టము. 'ప్రమాదము' అని యున్నచో పుఱ్ఱెగుర్తు తోడుండుటచేతనే అర్థము తేటపడును; మాట దానికదిగా చాలదు.

శాసనముల యొద్ద ఈ భేదము అలంకారము గాదు, ప్రాణము. 1860నాటి భారతశిక్షాస్మృతి 336వ విభాగము పరుల ప్రాణమునకు లేక దేహభద్రతకు అపాయము కలుగునట్లు తొందరపాటుతోనో అజాగ్రత్తతోనో చేయు పనిని శిక్షార్హము చేసినది. అందుకు ఎవరికిని దెబ్బతగులవలసిన పనిలేదు. దెబ్బ తగిలినచో 337, తీవ్రమైన దెబ్బ తగిలినచో 338, మరణము కలిగినచో 304-ఏ. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో మొదటి మూడును 125వ విభాగమున, మరణవిషయము 106వ విభాగమున చేరినవి. రైల్వేల విషయమున 1890నాటి చట్టపు 101వ విభాగము, దాని వెనుక వచ్చిన 1989నాటి చట్టపు 153, 154, 175 విభాగములు ఇట్లే ప్రయాణికుల భద్రతకు అపాయము కలిగించుటనే నేరముగ నిర్ణయించినవి. వీనిలో 153 బుద్ధిపూర్వకకార్యమునకు ఐదేండ్లవరకును, 154 అజాగ్రత్తతో చేసిన పనికి ఒక ఏడువరకును శిక్ష విధించుచున్నది. బండి పట్టాలు తప్పనక్కరలేదు. తప్పు సిగ్నలును లెక్కింపకపోవుటతోనే పూర్తియైనది.

ఇప్పుడు ఈ విభాగములను 'ప్రమాదము కలిగించుట' అని తెనిగించినచో ఏమగును? చదువరి జరిగిన ఘటన యొకటి కావలెనని భావించును. ఘటన లేనిచో నేరము లేదను భ్రాంతి కలుగును. దీనికి తోడు అదే శిక్షాస్మృతిలో 80వ విభాగమున్నది. న్యాయసంహితలో అది 18వది. తగిన జాగ్రత్తతో ధర్మ్యమైన పని చేయుచుండగా దైవికముగ జరిగిన కీడు నేరము గాదని దాని భావము. ఆంగ్లమున అచట యాక్సిడెంటు అను మాట యున్నది. అదియు ప్రమాదమే, ఇదియు ప్రమాదమే యైనచో, నేరమును చెప్పు విభాగమును నేరవిముక్తిని చెప్పు విభాగమును ఒకే మాటతో నడచుచుండును. 1966లో తెలుగు అధికారభాషగ శాసింపబడిన రాష్ట్రమున, కొత్త సంహితలకు తెలుగురూపములు స్థిరపడుచున్న ఈ కాలమున, ఈ విషయమును ఉపేక్షించుట తగదు.

విజ్ఞానరంగమునుండి ఒక్క ఉదాహరణము. పాకాలకు ఉత్తరమున నున్న శేషాచలము మొదలగు తూర్పుకనుమల దక్షిణభాగమునకే స్వాభావికమైన ఎర్రచందనమును అంతర్జాతీయ ప్రకృతిపరిరక్షణసంఘము తన ఎర్రజాబితాలో 'ఎండేంజర్డ్' వర్గమున చేర్చినది. మన పత్రికలు దీనిని 'అంతరించిపోవుచున్న' జాతి యని వ్రాయుచున్నవి. ఆ జాబితాలో అంతరించిన జాతులకు వేఱు వర్గము కలదు. ఎండేంజర్డ్ వర్గమునకును దానికిని నడుమ మఱి రెండు మెట్లున్నవి. 'అంతరించిపోవుచున్న' అనునప్పుడు చెట్టు తనంత తాను పోవుచున్నట్లు ధ్వనించును. గొడ్డలి పట్టినవాడు, కొనువాడు, చూచియు చూడనివాడు ఆ వాక్యమున లేరు. 'అపాయమునకు గురిచేయబడిన' అన్నచో చేసినవాడెవడను ప్రశ్న తానుగ లేచును.

మా మాటకు రెండు ఆక్షేపణములు రావచ్చును. వాడుకయే ప్రమాణము గాన ప్రమాదశబ్దమును తిరిగి ఏమరుపాటునకు మరల్చుట అసాధ్యమనునది మొదటిది. దీనిని మేమంగీకరింతుము. గిడుగు రామమూర్తి పంతులుగారి తరువాత తెలుగు చదివినవారెవరును దీనిని కాదనజాలరు. వెబ్‌స్టర్ అనుభవము మనకును వర్తించును. ప్రమాదమునకు ఘటనార్థము స్థిరపడినది, స్థిరపడనిండు. మేము కోరునది వెనుకకు మరలుట గాదు. ఆ మాటను ఆ ఒక్క అర్థమునకే కేటాయించుట. సందర్భముచే అర్థము తెలియుచునే యున్నది గదా యనునది రెండవ ఆక్షేపణము. సంభాషణమున నిజము. శాసనమునకు సందర్భము శాసనమే. చదువరి ఎదుట వేఱొకటి లేదు. అచట మాటయే సర్వమును మోయవలయును.

ఇంతవరకు జరిగిన విచారణవలన ఈ క్రింది నిర్ణయములు తేలుచున్నవి. జరిగిన ఘటనకు ప్రమాదము అనవలయును. జరుగదగిన కీడునకు అపాయము అనవలయును. ఎండేంజర్ అను క్రియకు, విశేషించి చట్టములందు, 'అపాయమునకు లోనుచేయు' అనునది తగిన మాట. జెపర్డైజ్ శబ్దమునకు ఒక్క సమానార్థకము వెదకుట వృథా. తెలిసి తనదానిని ఒడ్డినచో 'పణముగ నొడ్డు', పరులదానికి చేటు తలపెట్టినచో 'ఎసరు పెట్టు', ఫలితపు తేలనితనము ప్రధానమైనచో 'సందిగ్ధమున పడవేయు', ప్రాణభద్రతలు ప్రధానమైనచో 'అపాయమునకు లోనుచేయు' అనవలయును. తెలుగు బైబిలు అనువాదకులు పైని పేర్కొనిన న్యాయాధిపతుల గ్రంథపు తావున 'తృణీకరించు' అను క్రియను వాడిరి. హీబ్రూమూలమునకు అది ఆంగ్లపు జెపర్డ్ కంటె దగ్గరది. ఆంగ్లపు మాట వెంబడి గుడ్డిగ నడువక భావమును పట్టుకొనిన అనువాదమునకు అది మంచి మాదిరి.

తరగతిలో ఈ విషయమును బోధించుటకు సులభమైన మార్గమొకటి కలదు. 'గేటు మూయకపోవుటచే ప్రమాదము సంభవించెను' అను వాక్యమును, 'గేటుకావలివాడు గేటు మూయక ప్రయాణికులను అపాయమునకు లోనుచేసెను' అను వాక్యమును ప్రక్కప్రక్కన వ్రాసి, మొదటిదానిలో ఎవరు లేరో విద్యార్థులనే అడుగవలయును. ప్రమాదవశాత్తు అను మాటను వారు వ్రాసినప్పుడెల్ల ఎవరి ఏమరుపాటో చెప్పుమనవలయును. ఈ అలవాటు కుదిరినచో పరిభాషాసంఘములు చేయవలసిన పనిలో సగము తరగతిగదిలోనే జరుగును. తక్కిన సగమునకు, చట్టములను తెనిగించువారు ఈ భేదమును గమనింతురుగాక యని కోరుచున్నాము.